సావిడిని కూల్చకముందు

కథలూ పద్యాలూ పాత పుస్తకాలూ తప్ప మరో సంగతి ఎత్తని ఈ బ్లాగులో ఇవాళ రోటావేటర్ల గురించి రాయబోతున్నాను. దారితప్పి మరొకరి ఇంటికి వచ్చామేమోనని మిత్రులెవరూ గుమ్మంలోంచి వెనుదిరగనక్కర్లేదు, ఇల్లు ఇదే. సంక్రాంతికి ఊరు వెళ్ళివచ్చిన దగ్గర్నుంచీ ఈ ఒక్క విషయమే మనసులో తిరుగుతోంది. సగం రాసి పక్కన పెట్టిన వ్యాసాలు రెండున్నా, ఇది దించుకుంటే తప్ప వాటి జోలికి పోలేనని తేలిపోయింది.

సంగతేమిటంటే, మా తమ్ముడు మా సావిడిని కూల్చేద్దామంటున్నాడు.

మాది ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక పల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయేదాకా పశ్చిమ గోదావరిలో ఉండేది. నా నోటికి ఇప్పటికీ ఆ పాత పేరే వస్తుంది. పదెకరాల ఆయిల్‌పామ్, దాని నీడలో కోకో, గట్ల వెంబడి కొబ్బరి. తమ్ముడు ఊళ్ళో ఉండి వ్యవసాయం చేస్తాడు, నేను హైదరాబాదులో ఉండి ఫోనులో సలహాలు చెబుతాను. 2018లో వాడు 24 హెచ్‌పీ చిన్న ట్రాక్టరు ఒకటి కొన్నాడు. కోకో కొమ్మలు కిందికి వాలి ఉంటాయి గనక పెద్ద ట్రాక్టరు తోటలో దూరలేదు, దూరితే కొమ్మలు మిగలవు. ఈ చిన్నది నాలుగడుగుల వెడల్పుకు మించదు. చెట్ల మధ్య పెళ్ళిపందిట్లో పిల్లాడిలా ఎటు కావాలంటే అటు తిరిగి వస్తుంది.

ట్రాక్టరు ఒక్కటే వస్తే బాగుండును. దాని వెనుక బంధువర్గమంతా వచ్చింది. మొదట గొర్రు (కంపెనీ కాగితాల్లో దాని పేరు కల్టివేటరు, మా ఊళ్ళో అది గొర్రే). ఆ తర్వాత రోటావేటరు, గడ్డి కోసే స్లాషరు, మట్టి చదును చేసే బ్లేడు, మందు కొట్టే స్ప్రేయరు, గెలలు మోసే తొట్టి. ట్రాక్టరు చిన్నదైనా ఇవేవీ చేతికి లొంగే బరువులు కావు. రోటావేటరును కదపాలంటే నలుగురు కావాలి, ఆ నలుగురూ కూడా కదపకుండా ఉంటేనే మేలు. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

ట్రాక్టరు వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి, ఇంటి వసారాలోకి ఎక్కించారు. ఇప్పటికీ అది వసారాలోనే ఉంటుంది, రాత్రిళ్ళు దుప్పటి కూడా కప్పుతారు. పనిముట్లు మాత్రం కళ్ళంలో వేపచెట్టు కింద పడి ఉంటాయి. ఒకదాని మీద చినిగిన టార్పాలిను, మరొకదాని మీద ఎండుటాకులు, వేరొకదాని మీద కోళ్ళు. మా ఇంటి ఒక్కదాని సంగతే కాదిది. ఈసారి పనిగట్టుకుని ఊరంతా తిరిగి చూశాను. ట్రాక్టరున్న ప్రతి ఇంటా అదే తీరు. నడిపేదానికి గది, నేలను తాకేదానికి చెట్టు.

ఇప్పుడు తమ్ముడి ఆలోచన సావిడిని పడగొట్టి, ఆ స్థలంలో రేకుల షెడ్డు వేసి, షట్టరు బిగించి, ట్రాక్టరును అందులో పెట్టడం. మేస్త్రీతో మాట్లాడటం కూడా అయిపోయింది. "ఎనిమిది లక్షల బండి అన్నయ్యా, వసారాలో ఎన్నాళ్ళుంచుతాం? ఆ ఇనప సామానుదేముంది, ఇనుమే కదా" అన్నాడు. ఆ చివరి మాట దగ్గరే మా ఇద్దరికీ తేడా వచ్చింది. నా వాదన వాడికి భోజనాల దగ్గర సరిగా చెప్పలేకపోయాను. రాసైనా చెబుదామని ఈ ప్రయత్నం.

ముందు సావిడి గురించి నాలుగు మాటలు. మా తాతగారు కట్టించింది. నలభై అడుగుల పొడవు, పధ్నాలుగు అడుగుల వెడల్పు. మూడు వైపుల మట్టిగోడ, కళ్ళం వైపు ఆరు తాటి స్తంభాలు, పైన పెంకు. స్తంభానికీ స్తంభానికీ మధ్య జత ఎడ్లు పట్టే చోటు, అంటే సుమారు ఎనిమిది అడుగులు. పాడి గేదెలు ఒక పక్క, దుక్కిటెద్దులు ఒక పక్క ఉండేవి. 2004లో చివరి జతను అమ్మేశాక సావిడి ఖాళీ అయింది. ఖాళీ అయిన చోట ఏం చేరుతుందో ఆ చెత్తంతా చేరింది.

ఎడ్లు ఉన్న రోజుల్లో పనిముట్లు కూడా ఆ సావిట్లోనే ఉండేవి. వాటికి ఎవరూ గీతగీసి చూపించని స్థానాలుండేవి. కాడి చూరు దూలానికి వేలాడేది. నాగలిని పంగలకర్ర మీద, కర్రు నేలకు తగలకుండా ఆనించేవారు. గొర్రును పళ్ళు గోడవైపు ఉండేలా నిలబెట్టేవారు. గుంటక అటక మీద. జడ్డిగం ఎలకలు కొట్టకుండా ఉట్టిలో. పలుపులూ ములుకోలూ చిలక్కొయ్యలకు. రాత్రి దీపం లేకుండా వెళ్ళి కావలసింది చేత్తో తడిమి తెచ్చుకోగలిగేవారు మా నాన్నగారు. ఏరువాక పున్నమికి వాటిని దించి కడిగి పసుపు రాసేవారు, దసరాకు మళ్ళీ ఇంకోసారి. ఆ కడగటంలో భక్తి ఎంత ఉందో తనిఖీ అంత ఉండేదని నాకు ఈ వయసులో తెలుస్తోంది. ఏ మేకు ఊడిందో, ఏ కొయ్యకు చెద పట్టిందో ఆ రోజున బయటపడేది.

ఆ ఏర్పాటంతా ఒక కొలత మీద ఆధారపడి ఉండేది. ఒక మనిషి భుజాన ఎత్తుకోగల బరువే ఆ కొలత. రైతు నాగలిని భుజాన వేసుకుని పొలం వెళ్ళేవాడు, భుజాన వేసుకుని తిరిగి వచ్చేవాడు. కనక చూరు అతని చేతికి అందే ఎత్తులో ఉంటే చాలింది. ట్రాక్టరు పనిముట్లు వచ్చేసరికి ఆ కొలత చెల్లకుండా పోయింది. మనిషి ఎత్తలేడు, తోయలేడు, వేలాడదీయలేడు. దానికి కొత్త కొలత ఏమిటని మనమెవరమూ ఆలోచించలేదు. సావిడి పనికిరాదని మాత్రం చప్పున నిర్ణయించేసుకున్నాం. పనిముట్టు సావిట్లోంచి చెట్టు కిందికి రావడానికి అసలు కారణం ఇదేనని నాకనిపిస్తుంది. బద్ధకం రెండో కారణం.

కొత్త కొలత ఏమిటన్నది నిజానికి ఎప్పుడో తేలిపోయిన విషయం. ట్రాక్టరు వెనుక మనం చూసే మూడు లింకుల అమరిక, కింద రెండు, పైన ఒకటి, ఐర్లండువాడైన హ్యారీ ఫెర్గూసన్ పుణ్యం. అంతకుముందు పనిముట్టును గొలుసుతోనో కడ్డీతోనో ట్రాక్టరు వెనుక ఈడ్చేవారు. నాగలి రాతికి తగులుకుంటే ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేచి వెనక్కి తిరగబడి నడిపేవాణ్ణే చంపేది. ఫెర్గూసన్ పనిముట్టును మూడు చోట్ల పట్టి, హైడ్రాలిక్ లిఫ్టుతో ట్రాక్టరు ఒంట్లోనే కలిపేశాడు. 1938లో హెన్రీ ఫోర్డుతో కేవలం కరచాలనం మీద ఒప్పందం కుదిరింది, 1939లో ఆ అమరికతో ఫోర్డు ట్రాక్టరు బయటికొచ్చింది. ఇప్పుడు లోకంలో చిన్న ట్రాక్టర్ల నుంచి పెద్దవాటి దాకా అందరిదీ అదే బాట.

ఆ అమరికలో ఒక షరతుంది. ట్రాక్టరు తిన్నగా వెనక్కి వచ్చి, కింది లింకుల చివరనున్న గుండ్రటి కన్నాలు పనిముట్టు పిన్నులకు ఎదురుగా నిలవాలి. చిన్న ట్రాక్టర్లలో ఆ పిన్ను లావు 22 మిల్లీమీటర్లు. కన్నం దానికంటే ఏ కొంచెమో పెద్దది, అంతే. నేల చదునుగా ఉండి, పనిముట్టు నిటారుగా ఉంటే ఒక మనిషి దిగి పిన్ను తొడిగి, చీల పెట్టి, అయిదు నిమిషాల్లో వెళ్ళిపోతాడు. నేల ఎత్తుపల్లాలుగా ఉండి పనిముట్టు ఒక పక్కకు ఒరిగి ఉంటే ఒక కన్నం కుదురుతుంది, రెండోది రెండంగుళాల దూరంలో నిలిచిపోతుంది. అప్పుడు గునపం తెస్తారు. ఒకడు సీటు మీద కూర్చుని ట్రాక్టరును అంగుళమంగుళం జరుపుతుంటాడు, ఇంకొకడు పనిముట్టుకూ చక్రానికీ మధ్య నిలబడి గునపంతో తోస్తుంటాడు. మా ఊళ్ళో ప్రతి కళ్ళంలో ప్రతి సీజనులో కనిపించే దృశ్యమిది.

2021 జులైలో మా కళ్ళంలో జరిగిందీ ఇదే.

వానలు మొదలయ్యాయి. తోటలో పని అర్ధాంతరంగా ఆపి రోటావేటరును విప్పాల్సి వచ్చింది. ఎక్కడ పెట్టమంటావని తమ్ముడు ఫోను చేశాడు. సావిట్లో ఎరువు బస్తాలున్నాయి, అవి జరిపితే చోటుంటుంది అన్నాడు. నేను ఏదో మీటింగులో ఉన్నాను. "నాలుగు రోజులకు బస్తాలు జరపడమెందుకురా, చెట్టు కింద పెట్టించు" అన్నాను. ఆ మాట నాదే. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని నాకెవరూ గుర్తుచేయలేదు, అది వాళ్ళ మంచితనం.

చెట్టు కింద రెండు ఇటుకలు పెట్టి దాని మీద నిలబెట్టారు. నాలుగు రోజులు తొమ్మిది రోజులయ్యాయి. మళ్ళీ తగిలించబోయేనాటికి ఒక ఇటుక కింద నేల నానిపోయి ఉంది. మా తోట చూసే మనిషి, మా ఇద్దరికంటే వయసులో పెద్దవాడు, పేరు రాయను, గునపం వేసి తోస్తుండగా ఇటుక కూరుకుపోయి యంత్రం ఒరిగి ఆయన కుడిపాదం మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి. ఇంకో జానెడు ఇటు నిలబడి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి నాకిప్పటికీ ధైర్యం చాలదు. ఆసుపత్రి ఖర్చులు పెట్టుకున్నాం, కొంత సొమ్ము ఇచ్చాం. ఆయన మళ్ళీ తోట పనికి రాలేదు. ఊరి మొదట్లో చిన్న కొట్టు పెట్టుకున్నాడు.

ఈ సంక్రాంతికి ఆ కొట్టు దగ్గర ఆగాను. సావిడి తీసేస్తున్నారటగా అని ఆయనే అడిగాడు. అవునన్నాను. కాసేపు ఊరుకుని, "దాన్ని ఆ రోజు సావిట్లో పెట్టించాల్సిందండి పెద్దబాబుగారూ. నేనూ అడగలేదు, చినబాబుగారూ చెప్పలేదు" అన్నాడు. పెద్దబాబుగారు ఏం చెప్పారో ఆయనకు తెలియదు. నేనూ అప్పుడు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను, రేపు వెళ్ళినప్పుడు అక్కడా చెప్పాలి.

కనక ఈ విషయంలో నా అభిప్రాయం తుప్పు దగ్గర మొదలవలేదు. తుప్పు డబ్బుతో పోయేది. పనిముట్టును దాచడమంటే ముందు అది ఒరగకుండా, మనిషి చెయ్యి పడకుండా తగిలించుకునే చోట నిలపడం అని నేననుకుంటున్నాను. ట్రాక్టరు వెనక్కి తిన్నగా రాగలిగిన చోటే పనిముట్టుకు స్థానం. గునపం అవసరపడితే ఆ స్థానం తప్పు. కొత్త కొలత అదే: ఒక మనిషి భుజం పోయి, ఒక ట్రాక్టరు వెనుకడుగు వచ్చింది.

ఇక్కడే మా సావిడి నాకు మళ్ళీ కొత్తగా కనబడింది. స్తంభాల మధ్య ఎనిమిది అడుగులు. మా ట్రాక్టరు నాలుగడుగులు. ఆరు స్తంభాల మధ్య అయిదు ఖానాలు. తొట్టి ఎలాగూ బయట ఉండేదే కాబట్టి దాన్ని తీసేస్తే మిగిలిన పనిముట్లు సరిగ్గా అయిదు! జత ఎడ్ల కోసం మా తాతగారు విడిచిన చోటు ఈ చిన్న ట్రాక్టరుకు కుట్టించినట్టు సరిపోతోంది. పెద్ద ట్రాక్టరైతే ఈ మాట చెప్పలేకపోయేవాణ్ణి. దాని వెనుక చక్రాలు అటూ ఇటూ స్తంభాలను రాసుకునేవి. చూరు తగులుతుందని తమ్ముడి అభ్యంతరం. ట్రాక్టరు వెనక్కి వస్తుంది గనక చూరు కిందికి వచ్చేది దాని వెనుక సగమే. పొగగొట్టం ముందుంటుంది, అది బయటే ఉండిపోతుంది. తల వంచాల్సింది నడిపే మనిషి ఒక్కడే. అదీ ఇబ్బందైతే ముందు రెండు వరసల పెంకు తీసి చూరును జానెడు ఎత్తు లేపవచ్చు, వడ్రంగికి రెండు రోజుల పని. కళ్ళంలో సావిడి ముందు పాతికడుగుల మేర ఖాళీ ఉంచాలి, గడ్డిమేటు అక్కడ వేయకూడదు. ఆ పాతికడుగులూ లేకపోతే ఈ ఏర్పాటంతా వృథా.

షట్టరున్న రేకుల షెడ్డు మీద నాకున్న అనుమానం వేరు. మార్గశిర పుష్యాల్లో మా వైపు మంచు బాగా కురుస్తుంది. రాత్రి రేకు త్వరగా చల్లబడుతుంది. లోపలి గాలిలోని తేమ దాని అడుగున బొట్లు బొట్లుగా పట్టి తెల్లవారుజామున కిందికి రాలుతుంది. మూసిన షెడ్డులో ఆ తేమకు బయటికి పోయే దారుండదు. వాన పడకుండానే లోపల వాన! పెంకుటి కప్పుకు సందులుంటాయి, ఒక వైపు తెరిచిన సావిట్లో గాలి ఆడుతుంది, తడిసినది మధ్యాహ్నానికి ఆరిపోతుంది. ఇనుముకు తడి కంటే ఆరని తడి శత్రువు. ఏటవాలు జల్లు లోపలికి కొడుతుందంటారా, తాటాకు తడకలు నాలుగు వేలాడదీస్తే సరి.

సావిడిలో లోపం లేదని అనను. నేలే దాని లోపం. అరవై ఏళ్ళు పశువులు నిలిచిన నేల అది. పూర్వం తుపాకిమందుకు కావలసిన సురేకారాన్ని ఇలాంటి పశువుల కొట్టాల మట్టి నుంచీ పాత ఊళ్ళ దిబ్బల మట్టి నుంచీ తీసేవారు. గోమూత్రమూ పేడా ఏళ్ళ తరబడి ఇంకి ఆ మట్టి నిండా లవణాలు చేరి ఉంటాయి. లవణం గాలిలోని చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది, ఇనుము దాని మీద కూర్చుంటే ఒక్క వానాకాలంలో పొరలు లేస్తుంది. కనక ఒక అడుగు లోతు మట్టి తవ్వి తోటలో వేసెయ్యాలి, చెట్లకు అంతకంటే మంచి ఎరువు లేదు. ఆ గోతిలో గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టి, పైన నాపరాళ్ళు పరవాలి. సిమెంటు నేల వేస్తానంటే వద్దనను గానీ కింద ప్లాస్టిక్ షీటు లేకుండా వేస్తే అదీ నేలలోని చెమ్మను పైకి లాగుతుంది. ఏ నేలైనా పనిముట్టుకూ నేలకూ మధ్య చేవగల తాటిదుంగ ముక్కలు రెండు ఉండాలి. మా ఊళ్ళో కొబ్బరి దుంగలు వేస్తారు, చెద వాటిని ఏడాదిలో పొడి చేస్తుంది. ఇటుకల సంగతి మళ్ళీ చెప్పను.

రెండో లోపం మేము చేసినది. సావిట్లో ఇప్పుడున్నవి పొటాష్ బస్తాలు. ఆయిల్‌పామ్‌కు పొటాష్ ఎక్కువ కావాలి, అందుకని ఏడాది పొడవునా నిలవ ఉంటాయి. రైతులు వాడే ఆ ఎర్ర పొటాష్ రసాయనికంగా ఉప్పుకు అన్నదమ్ముల వరస, క్లోరైడే. పోయినేడు గొర్రును ఒక నెల్లాళ్ళు ఆ బస్తాల పక్కన ఉంచారట. బస్తాల వైపున్న రెండు కాళ్ళు చెక్కులు లేచి ఎర్రబారాయి, అవతలివి బాగున్నాయి. వేలితో గీకి తమ్ముడికి చూపించాను. ఎరువుకూ ఇనుముకూ ఒకే కప్పు పనికిరాదు, ఎరువు ఇంటి వెనక గదికి పోవలసిందే. పురుగుమందు డబ్బాలు అసలే వద్దు, వాటికి తాళమున్న వేరే అర కావాలి.

ఇక దాచే ముందు కడగడం. ఇది అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. పొలం మట్టి పనిముట్టు మీదే ఎండిపోతుంది, వాన తేమ తగలగానే ఆ మట్టి తడిగుడ్డలా పనిచేస్తుంది. రోటావేటరులో ఇంకో చిక్కు. తిరిగే ఇరుసుకు గడ్డీ పీచూ చుట్టుకుని రెండు చివరలా బేరింగుల దగ్గర బిగుసుకుపోతాయి. కొడవలితో కోసి తీసేయకుండా నిలవ ఉంచితే ఆ పీచు నీళ్ళు పట్టి సీళ్ళను కొరుకుతుంది, గేరు నూనె కారిపోతుంది, వచ్చే సీజనులో షెడ్డువాడు వేలల్లో బిల్లు వేస్తాడు. అరగంట పని. కడిగి, ఎండలో ఆరనిచ్చి, నేలలో రాసుకుని మెరిసే భాగాలకు గ్రీజో నూనో పట్టించాలి. మెరిసే చోటే తుప్పు త్వరగా పడుతుంది, రంగు అక్కడ ఉండదు కాబట్టి. ఆ తర్వాత టార్పాలిను కప్పవద్దు. కప్పిన టార్పాలిను కింద నేల ఆవిరి నిలిచి పనిముట్టు చెమర్చుతుంది. పైగా పాములకు అంతకంటే సుఖమైన చోటు లేదు. రోటావేటరు మూత కింద నాగుపాము చుట్టుకుని ఉండటం మా పక్కింటివాళ్ళకు అనుభవం.

స్ప్రేయరు లోపల నీరు మిగలకుండా ఒంచి, నాజిళ్ళు విప్పి, గుడ్డలో చుట్టాలి. లేకపోతే కుమ్మరి పురుగు వాటిలో మట్టి పెట్టి గూడు కడుతుంది. ఎలకలు రబ్బరు గొట్టాలను కొరుకుతాయి, వాటిని చుట్టచుట్టి దూలానికి వేలాడదీయడమే మార్గం. ట్రాక్టరు నుంచి రోటావేటరుకు శక్తినిచ్చే షాఫ్టును కూడా నేల మీద పడేయకూడదు. నిమిషానికి 540 చుట్లు తిరిగే వస్తువది. దాని ప్లాస్టిక్ తొడుగు విరిగితే పంచె అంచో చీర కొంగో పట్టుకుని మనిషినే లాగేస్తుంది. విప్పి, రెండు కీళ్ళకూ గ్రీజు ఎక్కించి, గోడకు రెండు చిలక్కొయ్యలు కొట్టి వాటి మీద పడుకోబెట్టవచ్చు. మా సావిడి గోడకు ఆ చిలక్కొయ్యలు ఇప్పటికీ ఉన్నాయి! ఒకప్పుడు పలుపులు వేలాడినవి.

పిన్నులు, చీలలు, టాప్‌లింకు, ఇవి చిన్నవి, పాతినుపవాళ్ళకు పోతాయన్న భయం నిజమే. తమ్ముడు షట్టరు కావాలనడానికి అదే పెద్ద కారణం. రోటావేటరును ఎవరూ చంకన పెట్టుకుపోరు గదా, తాళం కావలసింది ఈ చిన్నవాటికే. మా నాయనమ్మగారి భోషాణం సావిట్లోనే పడి ఉంది, మూత బిగువు, గొళ్ళెం గట్టిది. ఆవిడ పట్టుచీరలు దాచుకున్న చోట గ్రీజు డబ్బా పెట్టడానికి మా అమ్మ ఒప్పుకోవాలి. ఆ రాయబారం నాది.

నా వాదనకు ఎదురు వాదనలు లేకపోలేదు. సొంత పనిముట్లెందుకు, అద్దెకు దొరుకుతున్నాయి కదా అని మా బావగారు అన్నారు. అద్దెకిచ్చేవారి దగ్గర ఉండేవి ఎక్కువగా పెద్ద ట్రాక్టర్ల పనిముట్లు, అయిదారడుగుల రోటావేటర్లు. వాటిని మా చిన్నది ఎత్తలేదు, ఎత్తినా కోకో మధ్య పట్టవు. 2014-15లో కేంద్రం యాంత్రీకరణ ఉపపథకం మొదలుపెట్టాక సబ్సిడీ మీద పనిముట్లు ఊరూరా వచ్చాయి. మంచిదే. కానీ చౌకగా వచ్చిన వస్తువును మనం చౌకగానే చూస్తాం. మా ఊళ్ళో సబ్సిడీ మీద వచ్చి, రెండు సీజన్లు కూడా తిరగకుండా ముళ్ళకంపల్లో మునిగిపోయిన యంత్రాలను నేను లెక్కపెట్టగలను. సీజనులో ఇవన్నీ చేసే తీరిక ఎక్కడిది అన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు తక్కువ. ఫోనులో సలహాలిచ్చేవాడికి తీరిక గురించి మాట్లాడే హక్కు ఎంతుంటుందో నాకు తెలుసు. అందుకే ఆ ఏర్పాటు తీరికను అడగనిదై ఉండాలంటున్నాను. వెనక్కి వచ్చి, లిఫ్టు దించి, పిన్ను తీసి వెళ్ళిపోవడం చెట్టు కింద ఇటుకలు వెతకడం కన్నా తక్కువ పని.

ట్రాక్టరు మాటేమిటి? దానికీ నీడ కావాలి, ఎండకు టైర్లూ సీటూ పగులుతాయి. సావిడి చివర గోడకు ఒక పక్కపంచ దింపితే చాలు, రేకులైనా సరే. అది రోజూ తిరిగేది, ఏ లోపం వచ్చినా ఆ రోజే తెలుస్తుంది. పనిముట్టు ఏడాదిలో పది నెలలు పలకకుండా ఉంటుంది. ఎక్కువ కాలం ఊరుకుని ఉండేదానికే కదా మంచి ఇల్లు కావలసింది.

ఇదంతా రాసి తమ్ముడికి ముందే పంపాను. రెండు రోజులు జవాబు లేదు. నిన్న రాత్రి ఫోను చేసి, "టేపు పెట్టి కొలిచాను. మూడో ఖానా ఏడడుగుల పదంగుళాలే ఉంది, మిగతావి ఎనిమిది. నాలుగో స్తంభం అడుగున చెద పట్టింది" అన్నాడు. మేస్త్రీకి ఉగాది దాకా ఆగమని చెప్పాడట, వడ్రంగిని ఆదివారం రమ్మన్నాడట. అంతకుమించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

మిత్రులకు ఒక ప్రశ్న. నాగలిని ఆనించే పంగలకర్ర అని పైన రాశాను. మా నాన్నగారు దాన్ని ఇంకేదో పేరుతో పిలిచేవారు, ఎంత తడుముకున్నా గుర్తు రావడం లేదు, ఊళ్ళో అడిగితే చెప్పగలిగినవారు లేరు. మీ వైపు దాన్నేమంటారో తెలిస్తే వ్యాఖ్యల్లో రాయండి. కొత్తగా రెండు పాతించబోతున్నాం, స్లాషరు బ్లేళ్ళకు.